తిరగబడ్డ అక్షరాలు

సన్నీవేల్‌లో తానుంటున్న పాత అపార్ట్‌మెంట్ల చోట ఒకప్పుడు ఆప్రికాట్ తోట ఉండేదని కింది వాటాలోని ముసలావిడ, అందరూ గౌరవంగా డోన్యా అని పిలిచే ఎలోయిసా చెప్పేదాకా ఫణికి తెలియదు. ఆ తోటలో ఆమె తండ్రి కూలికి కాయలు కోశాడు. అదే నేల మీద రెండు గదుల వాటాలో ఆమె ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఉంటోంది. ఇప్పుడు యజమాని అవన్నీ పడగొట్టి కొత్తవి కట్టుకుంటానని అనుమతి అడిగాడు. మంగళవారం సాయంత్రం సిటీ హాల్లో విచారణ. అద్దెకున్నవాళ్ళు నిండుగా వెళ్తే ఇళ్ళు నిలవొచ్చు. లేకపోతే డెబ్భై ఏళ్ళ వయసులో ఎక్కడికి పోవాలో ఆమెకే తెలియదు.

నలభై వాటాల్లో సగం మెక్సికో కుటుంబాలు, సగం తెలుగువాళ్ళు. మెక్సికోవాళ్ళు వస్తారు. మనవాళ్ళ సంగతే అనుమానం. పిటిషన్ అంటే మనవాళ్ళకి వీసా పిటిషన్ ఒక్కటే. పక్క వాటా రాధారాణి తలుపు సగమే తీసి మాట్లాడింది.

“నీకేం ఫణీ, ఒంటికాయ శొంఠికొమ్మువి. మాకు ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఇట్లాంటివాటిలో ఫొటో పడితే?”

“పడితే ఏమవుతుంది అక్కా?”

“ఏమవుతుందో తెలీదు కాబట్టే భయం.”

ఫణి ఎవరినీ తేలిగ్గా మెచ్చుకునే రకం కాదు. దొరికిన పుస్తకమల్లా చదివి, చుట్టూ ఉన్నవాళ్ళని చూసి లోలోపల ఉడికిపోవడం అతనికి అలవాటు. అలాంటివాడు ఎలోయిసా వంటింటి బల్ల ముందు కూర్చుంటే నోరు మెదపడు. విచారణకి అందరినీ పిలిచే పోస్టరు ఆమె చేత్తోనే వేస్తుంది, అచ్చుయంత్రం లేదు. నేల మీద పరిచే మెత్తటి లినోలియం ముక్క ఒకటి, అరిగిపోయిన చిన్న ఉలి, సిరా రోలరు, చెక్క గరిటె, అంతే. ఉలి తవ్విన చోటు కాగితం మీద తెల్లగా మిగులుతుంది, వదిలిన చోటు నల్లగా పడుతుంది. సిరా పూసి, పైన కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దుతుంది. కాగితం ఎత్తిన ప్రతిసారీ ఫణి ముందుకు వంగి చూసేవాడు.

మొదటి అచ్చు ఆమె పద్నాలుగో ఏట చెక్కింది. తోటల్లో కూలీల సమ్మె జరుగుతోంది. కరపత్రాలు వేయించే స్థోమత ఎవరికీ లేదు. తండ్రి వంటింటి నేల మీది లినోలియాన్ని ఒక మూల పెకలించి ఆమె చేతిలో పెట్టాడు.

“మా అమ్మ వారం రోజులు నాన్నతో మాట్లాడలేదు” అని నవ్వింది ఎలోయిసా. “ఆయన మెక్సికోలో కూలీలకి చెక్కడం నేర్పే ఒక కొట్టంలో కూర్చునేవాడు. చదువు రానివాడికి బొమ్మ చాలు, చదువు వచ్చినవాడికి బొమ్మ కింద ఒక్క మాట చాలు అనేవాడు.”

ఈసారి బొమ్మ ఒక మూసిన తలుపు. దాని ముందు విడిచిన బురద బూట్లు, ఆ పక్కనే హవాయి చెప్పులు.

“మీవాళ్ళెవరూ చెప్పులతో లోపలికి పోరుగా” అందామె.

రెండేళ్ళుగా తన గుమ్మం ముందు ఉన్నదే ఫణి కంటికి ఎప్పుడూ ఆనలేదు.

బొమ్మ కింద స్పానిష్‌లో ‘అకీ నోస్ కెదామోస్’ అని ఉంది. ఇక్కడే ఉండిపోతాం అని అర్థం. దాని కింద తెలుగు మాట కావాలంది. ‘కెదామోస్’ అని నాలుగుసార్లు పైకి అనుకుంటే ఫణికి ‘కదలం’ అని తట్టింది. ‘ఇక్కడే ఉంటాం, కదలం.’ అచ్చులో అక్షరాలు తిరగబడతాయని చదివి ఉన్నాడు కాబట్టి, ఆదివారం రెండు గంటలు కూర్చుని, పల్చటి కాగితం మీద ఒక్కో అక్షరాన్నీ అద్దంలో కనబడేలా తిప్పి రాసి ఇచ్చాడు. తిప్పానని మాత్రం చెప్పలేదు. అదొక గొప్ప.

మంగళవారం పొద్దున్న మొదటి కాగితం ఎత్తగానే తప్పు అతని కంటపడింది. తెలుగు అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. యాభై ఆరేళ్ళ అలవాటుకొద్దీ ఆమె కూడా అతను ఇచ్చిన పల్చటి కాగితాన్ని బోర్లించే లినోలియం మీదికి ఎక్కించింది. తెలుగు చదవడం రాని కంటికి గుండ్రటి అక్షరాలు ఎటు తిప్పినా ఒకటే.

“నువ్వూ తిప్పావు, నేనూ తిప్పాను” అందామె తాపీగా. “మిహో, తెలివి ఎక్కువైనా కష్టమే.” మిహో అంటే నాయనా అని.

మళ్ళీ చెక్కడానికి లినోలియం లేదు. పట్టీ కట్టిన ఆమె మణికట్టు రోజుకి గంటకన్నా ఉలి పట్టనివ్వదు. ఫణికి తన్ను తాను తన్నుకోవాలనిపించింది. ఎలోయిసా సొరుగులోంచి నున్నటి ప్లాస్టిక్ షీటు తీసింది. అక్షరాలకి సిరా దట్టంగా పూసి ముందు షీటు మీద ముద్ర వేసింది. తడి ఆరకముందే పోస్టరుని దాని మీద బోర్లించి గరిటెతో రుద్దింది. మూడుసార్లు తిరగబడ్డ అక్షరాలు నాలుగోసారి తిరిగి దారిన పడ్డాయి. దేవుణ్ణి నమ్మని ఫణికి దండం పెట్టాలనిపించింది.

“బూడిద రంగులో పడ్డాయి, దూరానికి కనపడవు” అన్నాడు.

“మంచిదే. దగ్గరికొచ్చి చదువుతారు.”

మధ్యాహ్నం రాధారాణి తన తలుపు మీది పోస్టరు దగ్గరికి వంగి చదివింది.

“ఇది ఫాంట్‌లా లేదే.”

“నేను రాశానక్కా. కిందావిడ చెక్కింది.”

“ఆవిడకి తెలుగొచ్చా?”

“ఒక్క అక్షరం రాదు.”

రాధారాణి బొమ్మలో చెప్పులు చూసింది. కిందికి వంగి గుమ్మం ముందున్న తన చెప్పులు చూసుకుంది.

సాయంత్రం హాల్లో వెనక వరస కుర్చీల్లో పదకొండు తెలుగు కుటుంబాలు కూర్చున్నాయి. వేదిక మీంచి ఒకాయన పోస్టరు చూపించి అట్టడుగు వరసలో ఏం రాసి ఉందని అడిగాడు. ఫణి లేవబోతుంటే వెనకనుంచి రాధారాణి గొంతు వినిపించింది.

“ఇక్కడే ఉంటాం, కదలం.” తర్వాత అదే ఇంగ్లీషులో చెప్పింది. ఎవరో ఫొటో తీశారు. ఆమె కూర్చోలేదు.

నిర్ణయం ఆరు నెలలు వాయిదా పడింది. ఆ సంగతి చెబుదామని ఫణి పక్కకి తిరిగాడు. ఎలోయిసా వేలు ఆమె మోకాలి మీద నెమ్మదిగా కదులుతోంది. క, ద, లం. తిరగేసి కాదు, సరిగ్గానే రాస్తోంది. అతని పొరపాటు వల్ల లినోలియం మీద ఆమె ఆ అక్షరాలని చెక్కింది సరైన వైపునే.