మొగుడి పేరుతో చేరిన టీచరమ్మ

తిరుత్తణిలో ఆ నేతవీధి అంతా ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది మాత్రం తమిళం. తెలుగులో పెళ్ళిపత్రిక వస్తే చిన్నవాళ్ళు అటూ ఇటూ తిప్పి చూసి ఇంద్రాణి దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఆమె పుట్టిల్లు నగరి, పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది. ఆదికేశవులును పెళ్ళాడి వచ్చాక, మగ్గం పనిలో సాయపడుతూనే ఇరవై నాలుగేళ్ళుగా శనివారం సాయంత్రాలు అరుగు మీద పిల్లలకు తెలుగు నేర్పుతూ వచ్చింది. వీధికంతా ఆమె టీచరమ్మ. ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం.

ఆమె పద్ధతి ఒక్కటే. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు పలక మీద తప్పు లేకుండా రాసేదాకా ఒక్క మాట కూడా చదవనిచ్చేది కాదు. రానివాళ్ళను వచ్చే ఏడు రమ్మని పంపేసేది.

కొన్నేళ్ళుగా అరుగు మీద పిల్లలు పలచబడ్డారు. ట్యూషన్లకు పోతున్నారులే అని సరిపెట్టుకుంది. కానీ పోయిన ఏడాది ఎదురింటి వళ్ళియమ్మ చెప్పిన కబురుతో ఆమె కడుపులో మంట మొదలైంది. తిరువళ్ళూరులో ఏదో ఆఫీసులో పనిచేసే అభినయ ఆదివారాలు ఫోన్‌లో తెలుగు చదవడం నేర్పుతోందట. ఊత్తుకోట వాళ్ళు కూడా చేరారట. వళ్ళియమ్మ మనవరాలు తనుశ్రీ నెల తిరక్కుండానే ఒక కథ చదివేసిందట.

అభినయను ఇంద్రాణి మరిచిపోలేదు. ఈ వీధి పిల్లే. తొమ్మిదేళ్ళప్పుడు నాలుగు శనివారాలు వచ్చి, ‘క్ష’ రాయలేక ఏడ్చి పోయింది.

“ఆ బిడ్డికి ఒత్తులే రావు. అదేమి నేర్పిస్తాది?” అంది మొగుడితో.

ఆదికేశవులు మగ్గం ఆపకుండానే, చూస్తే కదా తెలిసేది అన్నాడు.

చూడాలనే ఉంది. అయితే తను చూసినట్టు ఎవరికీ తెలియకూడదు. మొగుడి కోసమని చెప్పి వళ్ళియమ్మ దగ్గర లింకు తీసుకుని, మొగుడి ఫోన్‌లో మొగుడి పేరుతోనే చేరింది. కెమెరా మూసి, మైకు ఆపి, తప్పులు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకుంది.

క్లాసులో పెద్దవాళ్ళూ ఉన్నారు. అభినయ ఏదో ఒక వెబ్‌సైటులో ఉచితంగా దొరికే బొమ్మల కథ ఒకటి తెర మీద పెట్టింది. ఎవరిదో గొంతు చదువుతుంటే, చదివిన ప్రతి మాటా రంగు మారుతోంది. ‘ఎక్కడ’ దగ్గర ఆపి, దీన్ని మనింట్లో ఏమంటామని అడిగింది. అందరూ ‘యాడ’ అన్నారు. ఆ మాటను తెలుగు అక్షరాల్లో రాసి, పక్కనే తమిళ అక్షరాల్లోనూ రాసి చదివించింది. అది ఇంద్రాణికి కాపీ కొట్టించడంలా తోచింది. కానీ అరగంట తిరిగేసరికి ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో పనిచేసే దేవేంద్రన్ అనే నడివయసాయన రెండు వాక్యాలు కూడబలుక్కుని చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంద్రాణి ఫోన్ బోర్లించింది. మళ్ళీ తనే తిప్పి చూసింది.

అలా ఆరు వారాలు. ‘ఖ’ను ‘క’ అంది, ‘భ’ను ‘బ’ అంది అని నోటుబుక్కు నిండుతోంది. ఆ తప్పులు చదువుకుంటే ప్రాణానికి కాస్త హాయిగా ఉండేది. తీరా తనుశ్రీ ఆంధ్రా బస్సు బోర్డు గడగడా చదువుతూ ఎదురైతే ఆ హాయి కాస్తా పోయేది.

ఏడో ఆదివారం, ‘అర్థం’, ‘అర్ధం’ రెండూ ఒకటే, ఎలా రాసినా పరవాలేదని అభినయ చెప్పింది. ఇంద్రాణి వేలు ఆగలేదు, మైకు నొక్కేసింది.

“రెండూ ఒకటి కాదు. ఒకటి మాటకుండే అర్థం, ఇంకొకటి సగం. ఇది కూడా తెలీకుండా టీచరని కూర్చున్నావా?”

తెర మీద పేరు ఆదికేశవులుది, గొంతు ఆడమనిషిది. ఎవరో కిసుక్కున నవ్వారు.

“పెద్దమ్మా, మీరా?” అంది అభినయ. “నాకు తెలీదు పెద్దమ్మా. మంచిపని చేసినారు. అందరూ రాసుకోండి.”

ఇంద్రాణి ఫోన్ ఆపేసింది. దొరికిపోయిన సిగ్గు కన్నా, అందరిలో తప్పు పట్టినా ఆ పిల్ల చిన్నబోలేదన్న ఉక్రోషమే ఎక్కువైంది.

మరుసటి శనివారం అభినయ ఇంటికే వచ్చింది. ఇంద్రాణి మర్యాదకు కాఫీ ఇచ్చింది కానీ ఎక్కువసేపు ఉగ్గబట్టుకోలేకపోయింది. నా పిల్లలను ఎందుకు లాక్కున్నావని అడిగేసింది.

“మీ పిల్లలను కాదు పెద్దమ్మా. మీరు వచ్చే ఏడు రమ్మని పంపినోళ్ళను. నేను, విమల్, తనుశ్రీ. మళ్ళీ మీ అరుగెక్కాలంటే మాకు భయం.”

 విమల్, తనుశ్రీ పేర్లు ఇంద్రాణి ప్రతి వారం తెర మీద చూస్తూనే ఉంది. తప్పులు వెతికే ధ్యాసలో, వాళ్ళను పంపేసింది తనేనని తోచలేదు.

అభినయ వచ్చిన పని వేరు. ఆ కథల్లో గొంతులు మనవాళ్ళకు కొత్తగా ఉన్నాయి, మీరు చదివి రికార్డు చేసిస్తే బాగుంటుంది అంది. ఇంద్రాణి కుదరదని చెప్పి పంపేసింది. రెండు వారాలు బిగుసుకుని కూర్చుంది కానీ క్లాసు మాత్రం మానలేదు. మూడో వారం, ఊత్తుకోటలో ఇంద్రాణి ఎరగని ఒక టీచరమ్మ చేత కథలు చదివించబోతున్నట్టు అభినయ క్లాసులో చెప్పింది. ఇంద్రాణికి అన్నం సయించలేదు. ఆ మధ్యాహ్నమే మగ్గం ఆపించి, కథ మొత్తం ఏకబిగిన చదివి పంపింది.

“బాగుండాది పెద్దమ్మా. కొంజం నిదానంగా చదివితే పిల్లోళ్ళకు అందుతాది” అని జవాబు వచ్చింది.

తనకే పాఠం చెబుతోందని ఇంద్రాణి ఒక రోజంతా బదులివ్వలేదు. తర్వాత మళ్ళీ మగ్గం ఆపించి కూర్చుని, మాటకూ మాటకూ మధ్య ఎడం ఇస్తూ కథంతా చదివి పంపింది.

ఆ రికార్డు వింటూ దేవేంద్రన్ మొట్టమొదటిసారి ఒక కథ పూర్తిగా చదివాడు. చదివి, ముందు అభినయకు దండం పెట్టి, ఆ తర్వాతే ఇంద్రాణికి పెట్టాడు. ఆ వరస ఆమెకు రెండు రోజులు గుచ్చుకుంటూనే ఉంది. మూడో రోజు తర్వాతి కథ పంపమని అభినయకు తనే ఫోన్ చేసింది.