గేటు దగ్గర లెక్క

"ఫోర్! ఫైవ్! సిక్స్!"

ఆ తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఏడో నంబరు మా అమ్మాయిది.

మేముండే తమిళ పేట వ్యాసర్పాడి గ్రౌండులో ఆడే ఈ ఆడపిల్లల ఫుట్‌బాల్ టీముకు ఒక అలవాటుంది. ఆట అయ్యాక గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరూ తమ నంబరు అరిచి చెప్పాలి. పదకొండూ వినపడితేనే కెప్టెన్ ఇళ్ళకు పంపుతుంది. రోజూ బయట నిలబడి వింటూ, మిలటరీలో లాగా ఇవేం అరుపులు అనుకునేదాన్ని. నెలాఖరుకి పాపని మాన్పించేద్దామని కూడా అనుకున్నాను. దెబ్బలు, బురద, చీకటి... నా భయాలకేం కొదవ!

"సెవెన్!" ఈసారి కెప్టెన్ తనే అరిచి పిలిచింది. నేను లోపలికి పరిగెత్తాను. ఆట మధ్యలో మొదలైన కుండపోతకి అప్పటికే మోకాళ్ళ దాకా నీళ్ళు.

"అక్కా, ఆగండి! ఆడ కాలవకి తవ్వుండారు. నీళ్ళల్లో గుంత కనపడదు!"

ఆ కెప్టెన్ పదహారేళ్ళ పిల్ల. చెప్పగానే ఆగిపోయాను.

"మీరు గేటు పట్టుకోండి. ఇంకో చెయ్యి మా గోల్‌కీపర్‌కి ఇవ్వండి. ఒదలొద్దండి."

ఒక చిన్నది తమిళంలో గొణిగింది, తనకు ఈత రాదని.

"ఈదమన్నానా? చెయ్యి పట్టుకోవే. పెనాల్టీ కొట్టేటప్పుడు ఇంత ఆలోచించుంటే బాగుండు!"

చెయ్యీ చెయ్యీ పట్టుకుని వరసగా కదిలారు. అందరికన్నా ముందు కెప్టెన్, కార్నర్ జెండా కర్రతో నేల తడుముకుంటూ. వానలో పసుపు జెర్సీలే తప్ప ముఖాలు తెలియడం లేదు. అటు చివర ఎక్కడో నా పిల్ల, ఇటు చివర నేను. మధ్యలో ఉన్నవాళ్ళలో ఒక్కరి పేరు కూడా నేనెప్పుడూ అడగలేదు. గోల్‌కీపర్ వేళ్ళు నా చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

బంతి కోసం వెళ్ళిన పాప కాలు గుంతలోకి జారిందట. గోల్ స్తంభాన్ని వాటేసుకుని ఉండిపోయింది. భయంలో నంబరు చెప్పడమే మర్చిపోయింది. బంతి మాత్రం చంకలోనే ఉంది.

గేటు దాకా తీసుకొచ్చాక కూడా కెప్టెన్ తిట్టలేదు. "బంతి పోతే ఇంకోటి కొంటాం. నువ్వు పోతే మిడ్‌ఫీల్డ్‌లో ఎవరాడతారే?" అంది. ఏడుస్తూనే నవ్వింది మా పిల్ల.

గేటు దగ్గర మళ్ళీ ఒకటి నుంచి లెక్క. ఈసారి "సెవెన్" సన్నగా వినిపించింది. "లెవెన్" కూడా అయ్యాక అందరూ నా వైపు చూశారు.

"చెప్పండక్కా," అంది కెప్టెన్.

"ట్వెల్వ్," అన్నాను.

"వినపళ్ళా!" అని గోల చేశారు. గట్టిగా అరిచాను.

ఆ కెప్టెన్ అమ్మాయికి ఎలా కృతజ్ఞత చెప్పాలో ఇప్పటికీ తెలియదు. రెండు రోజులయ్యాక, పిల్లలు నిద్రపోయాక ఇది రాసుకుంటుంటే, ఆ గోల్‌కీపర్ వేళ్ళ పట్టు ఇంకా అరచేతిలోనే ఉన్నట్టుంది.

ఆ వాన మర్నాడు పొద్దున పాప నా ముఖం చూడకుండా ఇడ్లీ తింటోంది, మాన్పిస్తానేమోనని.

"బూట్లు ఫ్యాను కింద పెట్టాను. గ్రౌండులో నీళ్ళు తగ్గేలోపు ఆరిపోతాయి," అన్నాను. "నంబరు మాత్రం వీధి చివరి దాకా వినపడాలి."

తన పక్కన నోరు తెరుచుకుని చూస్తున్న నాలుగేళ్ళ తమ్ముడితో అన్నాను: "నువ్వు నాతో గేటు దగ్గర నిలబడాలి. నీది థర్టీన్."