పెట్టెలో దాచిన చెవి

2008వ సంవత్సరం. పలాస స్టేషన్‌కి వెళ్ళే రోడ్డులో ఒక మందుల షాపు పైన నా క్లినిక్ ఉండేది. రెండే గదులు. లోపలి గది గోడలకి దళసరి పరుపులు కొట్టించి వినికిడి పరీక్షలు అక్కడే చేసేదాన్ని. గూడ్సు బండి వెళ్తుంటే పరీక్ష ఆపేసి, అది దాటాక మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఆడియాలజిస్ట్ అంటే ఎవరో మావైపు చాలామందికి తెలియదు. నేను వాళ్ళకి “సెవిటి మిషన్ల మేడం”ని.

ఆ పిలుపులో అబద్ధం లేదు. హియరింగ్ ఎయిడ్‌లు అమ్మితేనే నాకు బతుకుతెరువు. మాట రాని పిల్లలకి స్పీచ్ థెరపీ, అంటే వినడం, మాట్లాడటం నేర్పే శిక్షణ, నేను చదువుకున్న చదువులో సగం. కానీ మాటలు నేర్పడం కూడా వైద్యమేనంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. పుట్టుకతో పూర్తిగా వినపడని పిల్లలు వస్తే మరీ కష్టంగా ఉండేది. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచుతుంది, అంతే. లోపలి చెవే పనిచేయనప్పుడు ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు. అలాంటివాళ్ళకి కాక్లియర్ ఇంప్లాంట్ కావాలి. ఆపరేషన్ చేసి లోపలి చెవిలో సన్నని తీగ అమర్చుతారు. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ అనే చిన్న మిషను శబ్దాన్ని ఆ తీగకి అందిస్తుంది. దాని ఖరీదు చెప్పడానికి వలవాళ్ళ ముందు, జీడితోటల కూలీల ముందు నాకు నోరు వచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే పేదలకి ఉచితంగా పెద్ద ఆపరేషన్లు చేయించే ప్రభుత్వ పథకం మా జిల్లాకి వచ్చింది. అందులో ఈ ఇంప్లాంట్ కూడా ఉందని తెలిసిన రోజు నేను క్లినిక్ తలుపు దగ్గరకి వేసుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆపరేషనే కాదు, ఆ తర్వాత చేయాల్సిన థెరపీ కూడా పథకంలోనే ఉంది. మా పనికీ ఒక విలువ ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది.

ఆ వానాకాలంలో బారువ నుంచి ఎర్రమ్మ అనే మత్స్యకారుల ఆడపడుచు తన కూతురు గౌరిని ఎత్తుకుని వచ్చింది. భర్త గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి వెళ్ళాడు. వెంట అత్తగారు నూకమ్మ. గౌరికి రెండేళ్ళు నిండబోతున్నాయి. డప్పు కొట్టినా తిరగలేదు. నా చేతిలోని డప్పు కర్ర మాత్రం ఇమ్మని చెయ్యి చాపింది.

“మా గుంటకి మాటొత్తాదా మేడంగారూ?” అంది ఎర్రమ్మ కూతుర్ని చూపిస్తూ.

నిద్రపుచ్చి చెవి నరాన్ని పరీక్షించే బెరా పరీక్షకి విశాఖపట్నం పంపాను. అనుకున్నదే తేలింది, లోపలి చెవి పనిచేయడం లేదు. ఇంప్లాంట్ గురించి చెప్పాను. పథకంలో చిన్న పిల్లలనే తీసుకుంటారనీ, వయసు దాటితే అవకాశం పోతుందనీ చెప్పాను.

నూకమ్మ లేచి నిలబడింది. “తలకాయ కోత్తారేటి? నాను ఒల్లను. మాట నేకపోతే నేదు, గుంట నవ్వుతా తిరుగుతన్నాది గదా!”

ఎర్రమ్మ అత్తకి ఎదురు చెప్పలేదు. కింద బూత్‌కి వెళ్ళి వేరావల్‌లో ఉన్న భర్తకి ఫోన్ చేసి, తిరిగొచ్చి, “సేయించీమన్నాడు” అంది. నూకమ్మ ఆ రోజంతా కోడలితో మాట్లాడలేదట.

విశాఖలో ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు మానాక స్విచ్ ఆన్ చేశారు. అంటే ప్రాసెసర్ తగిలించి మొదటిసారి శబ్దం వినిపించడం. పిల్ల నవ్వుతుందని అందరూ అనుకున్నారు, నవ్వలేదు. హడలిపోయి ఏడ్చింది. అది మామూలే. కొత్త శబ్దం అలవాటు కావాలి, రోజంతా పెట్టుకోవాలి, వారం వారం థెరపీకి రావాలి.

చిక్కు అక్కడే వచ్చింది. పథకం ప్రకారం థెరపీ ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలోనే. బారువ నుంచి విశాఖకి ప్రతి వారం వెళ్ళాలంటే ఎర్రమ్మ చేపల పని మానుకోవాలి. కొన్నాళ్ళు తిప్పలు పడి వెళ్ళింది. తర్వాత మానేసింది. అక్కడి ఆడియాలజిస్ట్ రమణి నాకు ఫోన్ చేసింది. “నువ్వు పంపిన పిల్ల రావడం లేదు. ఇప్పుడు ఆపేస్తే ఆపరేషన్ చేసీ ఫలితం ఉండదు. ఒకసారి వెళ్ళి చూస్తావా?”

ఆదివారం బస్సెక్కి బారువ వెళ్ళాను. ఇసుక మీద నెత్తళ్ళనే చిన్న చేపలు ఆరబోసి ఉన్నాయి. నూకమ్మ గొడుగు కింద కూర్చుని కాపలా కాస్తోంది. గౌరి పక్కనే ఆడుకుంటోంది. చెవి వెనక ఏమీ లేదు.

“మిషనేదమ్మా?” అని అడిగితే, ఎర్రమ్మ ఇంట్లోకి వెళ్ళి ఇనప్పెట్టె తీసింది. పట్టుచీర మడతల మధ్య, పసుపు గుడ్డలో చుట్టి, ప్రాసెసర్ భద్రంగా ఉంది.

“ఉప్పుగాలి, ఇసక. పాడైపోతే గవర్మెంటోలు మల్లీ ఇత్తారా? పండక్కీ పబ్బానికీ పెడతన్నాను.”

నాకు కోపం రాలేదు. జన్మలో అంత విలువైన వస్తువు ఆ ఇంట్లోకి రాలేదు. దాన్ని నగలాగే చూసుకున్నారు.

“ఎర్రమ్మా, పెట్టెలో ఉంటే అది నగ. గౌరి చెవికి ఉంటేనే చెవి. రాత్రి పడుకునేటప్పుడు తీసి తేమ లాగే డబ్బాలో పెట్టు. తెల్లారగానే మళ్ళీ పెట్టు. పాడైతే నేను చూసుకుంటాను,” అన్నాను. ఆ చివరి మాట ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు.

నూకమ్మ కాస్త దూరం నుంచి వింటోంది. “అది పెడితే ఏడుత్తాది తల్లీ. సూడనేను.”

“మీ గొంతు వినడం దానికి అలవాటు కాలేదు, అందుకే. దగ్గర కూచోబెట్టుకుని మీరే మాట్లాడండి.”

“దాంతో ఏటి మాటాడతాను?”

“మీరు రోజూ ఏం మాట్లాడతారో అదే.”

రమణి తన పైవాళ్ళతో మాట్లాడింది. ఎలా ఒప్పించిందో గానీ, మావైపు పిల్లలకి ఆ ఆస్పత్రి తరఫునే నేను థెరపీ చేసేలా ఏర్పాటు చేసింది. ప్రాసెసర్‌లో శబ్దాన్ని పిల్లకి తగ్గట్టు సరిచేసే మ్యాపింగ్‌కి మాత్రం విశాఖ వెళ్తే చాలు. నా ఉద్యోగ జీవితంలో మిషను అమ్మకుండా, మాటలు నేర్పినందుకే జీతం అందుకోవడం అదే మొదలు. ఆ మేలు నేను మరిచిపోలేను.

వారానికోసారి బారువ వెళ్ళేదాన్ని. మొదట్లో నా సంచిలో బొమ్మల కార్డులు ఉండేవి. విమానం, యాపిల్, ఏనుగు. గౌరి వాటిని ఇసుకలో పాతిపెట్టేది. కార్డులు మానేసి అల, వల, పడవ, చేప మొదలుపెట్టాం. అల వచ్చినప్పుడల్లా ఎర్రమ్మ చెవి చూపించి “ఇను, ఇను” అనేది. నెలలు గడిచాయి. పిలిస్తే తిరగడం వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఎర్రమ్మ ముఖం చూడటానికి నాకు ఇబ్బందిగా ఉండేది.

ఒక మధ్యాహ్నం నేనూ ఎర్రమ్మా గుమ్మంలో కూర్చుని ఉండగా, ఆరబోసిన చేపల మీద కాకులు వాలాయి. నూకమ్మ కునుకు తీస్తోంది. గౌరి గబగబా లేచి, రెండు చేతులూ ఊపుతూ, “ఓయ్! కాకీ! పో!” అని అరిచింది.

మాటలు తిన్నగా లేవు. కాకి “తాతీ” అయింది. కానీ ఆ లాగుడు, ఆ కసురు అచ్చం నూకమ్మవే. నూకమ్మ ఉలిక్కిపడి లేచింది. మనవరాలిని చూసింది, నన్ను చూసింది. “నా మాటే! నా మాటే అన్నాది సూడు!” అంటూ పిల్లని ఎత్తుకుని వీధి వీధంతా తిరిగింది. ఇన్ని నెలలూ మా కంట పడకుండా ఆవిడ రోజూ గౌరి పక్కన కూర్చుని కాకుల్ని తిడుతూ, చేపల్ని పేరుపేరునా చెబుతూ మాట్లాడుతూనే ఉందని అప్పుడు తెలిసింది. ఎర్రమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వయసొచ్చాక గౌరి మామూలు బళ్ళోనే ఒకటో తరగతిలో చేరింది. పలుకు కొంచెం ముక్కుతో వస్తుంది. అల్లరికి తక్కువేమీ లేదు.

ఆ తర్వాత ఒక సంతరోజున నూకమ్మ మళ్ళీ నా మెట్లెక్కింది. ఈసారి చేతిలో పక్కింటివాళ్ళ పసిగుడ్డు. వెనకాల బిక్కమొహంతో దాని తల్లి.

“తలుపు ధనామన్నా ఉలకడం నేదు తల్లీ. ఈలమ్మ భయపడతన్నాది, నానే లాక్కొచ్చాను. బేగి సూడు, మా గుంటకైనట్టు ఆలీసం అవకూడదు.”

పథకాలు తలుపు తెరుస్తాయి. అందుకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ ఆ తలుపు దాకా పసిబిడ్డని ఎత్తుకొచ్చేది ఒకప్పుడు భయపడి, ఆ భయం పోగొట్టుకున్న మనిషేనని నాకు నేర్పింది నూకమ్మ. ఆ పసివాణ్ణి అందుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళాను.