గుమాస్తా మామ వదిలివెళ్ళిన జొన్నలు

మొన్న బుధవారం పిండిమిషను ఆడుతుండగా ఫోను మోగింది. ఆ మోతలో ఏమీ వినపడక మోటారు ఆపాను. జమ్మలమడుగు నుంచి గుమాస్తా మామ కూతురు. "అక్కా, నాయన తెల్లారి పోయినాడు" అంది. "నాయన జొన్నల సంచి ఈడే ఉంది కదమ్మా" అన్నాను. తెలివితక్కువ మాట. కానీ నోట్లోంచి అదే వచ్చింది.

ఆయన మాకు చుట్టం కాదు. మా ప్రొద్దుటూరులోనే ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా పనిచేస్తూనే ముసలివాడయ్యాడు. ప్రతి ఆదివారం జొన్నలు ఆడించుకోవడానికి వచ్చేవాడు. అందరూ సంచి పెట్టి బజారుకు పోతే, ఆయన మాత్రం అక్కడే నిలబడి, పిండి పడేచోట అరచెయ్యి పెట్టి చూసేవాడు.

"వేడెక్కుతాండాది పాపా. నిదానంగా ఆడించు. పిండి కాలితే రొట్టె ఇరిగిపోతాది."

నాకు ఒళ్ళు మండేది. "మిషను నీకే ఇచ్చేస్తా, నువ్వే ఆడించుకో మామా" అంటే పళ్ళన్నీ కనిపించేలా నవ్వేవాడు.

మిషనున్న గది బాడుగకు తీసుకున్నది. ఇంటిపన్ను నేనే కట్టాలని ఒప్పందం. పోయినేడు, పులివెందులలో ఉండే యజమాని, నేను పన్ను ఎగ్గొట్టానని, అది తానే కట్టాల్సి వచ్చిందని దావా వేశాడు. సమన్లు వచ్చాయి. కోర్టు కేసంటే ఏళ్ళ తరబడి వాయిదాలే కదా అని, మా వీధిలో ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. ఆ కాగితాన్ని తూకంరాళ్ళ కింద పెట్టి మరిచిపోయాను. ఆదివారం అది మామ కంటపడింది.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"పోయిన శనివారం. ఇది తేలేసరికి నా మనవరాలు పెండ్లికొస్తాదిలే మామా."

"నీ తలకాయ! ఇది మామూలు దావా కాదు, బాకీ తొందరగా తేల్చే సమ్మరీ దావా. పది దినాల్లో హాజరు కాకుంటే నిన్ను అడక్కుండానే డిక్రీ ఇస్తారు. మిషను జప్తుకొస్తాది. హాజరైనా సరే, మన మాట చెప్పుకునేదానికి జడ్జి పర్మిషన్ తీసుకోవల్ల."

మా ఆయన పోయాక నాకూ నా కూతురికీ అన్నం పెట్టింది ఆ మిషనే. మామ కాగితం తీసుకుని నేరుగా ప్లీడరు ఇంటికి నడిచాడు. సగం ఆడిన జొన్నలు అట్లాగే ఉన్నాయి. పిండి వదిలేసి ఆయన పోవడం అదే మొదటిసారి చూశాను. సోమవారం నా తరఫున కోర్టులో హాజరు వేశారు.

పన్ను రశీదులు తీగకు గుచ్చి గోడకు తగిలించి ఉండేవి. మామ నేలమీద బాసింపట్టు వేసుకుని, ఒక్కో రశీదు మీది పిండి ఊదుతూ చదివాడు. "కట్టినావు పాపా, అయితే పాత డోర్ నంబరుకు కట్టినావు" అన్నాడు. మునిసిపాలిటీ నంబర్లు మార్చిందని నాకు తెలియనే తెలియదు. కొత్త నంబరు మీద బాకీ అట్లాగే పెరిగింది.

ఆ పర్మిషన్ కోసం అఫిడవిట్ రాసేటప్పుడు "ఆ యజమాని దుర్మార్గుడని రాయించు మామా" అని పట్టుబట్టాను.

"తిట్లు ఈడ తిట్టుకో, నేనూ ఇంటా. ఆడ మాత్రం జరిగింది రాయల్ల."

జడ్జి అనుమతి ఇచ్చిన రోజు, గెలిచామనుకుని నేను మైసూరుపాకు కొనబోతే ఆపేశాడు. "గెలవలేదు పాపా. మాట్లాడేదానికి నోరిచ్చినారు, అంతే. ఆ నోరే లేక శానామంది మునిగిపోయినారు." తర్వాత ఆ రశీదులన్నీ చూసి, నేను ఎగ్గొట్టలేదని ఒప్పుకుని యజమానే దావా వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు మాత్రం మామ అర్ధకేజీ మైసూరుపాకు అడిగి మరీ తీసుకున్నాడు.

పోయిన ఆదివారం జొన్నలు తెచ్చి నిలబడలేకపోయాడు. "ఆయాసంగా ఉంది. కూతురింటికి పోతాండా. బుధవారం వస్తా, అప్పుడే ఆడిద్దాం" అని సంచి పెట్టి వెళ్ళాడు. ఆయన లేకుండా ఆడిస్తే ఊరుకోడని నేనూ ముట్టుకోలేదు.

ఫోను పెట్టేశాక ఆ సంచిని మిషను దగ్గరికి జరిపాను. తర్వాత ముడి విప్పి, జొన్నలు పోసి, మోటారు వేశాను. జమ్మలమడుగు బస్సుకు ఇంకా టైముంది. నిదానంగా ఆడిస్తూ, పిండి పడేచోట అరచెయ్యి పెట్టాను.

వేడెక్కలేదు మామా.