లమ్మెహీన్ పేరు ఎవరికీ పెట్టలేదు

మా ద్రెంతె సీమ బజారులో వేయించిన చేపలమ్మే రూలికి నోరెక్కువ, ఓపిక అంతకంటే ఎక్కువ. మూడేళ్లుగా ప్రతి ఆదివారం మానసిక వైద్యశాలలో ఉన్న కూతురు మిర్తెను చూసి వస్తుంది. వెళ్లినప్పుడల్లా ఆ పిల్లది ఒకటే మాట: "మన వంశంలో పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే. నాకోసం ఎందుకొస్తావమ్మా?"

ఆ మాట పడలేక రూలి ఒకరోజు ఇంట్లోని పెద్ద బైబిలు చంకన పెట్టుకుని, నేను పనిచేసే పాత రికార్డుల గదికి వచ్చింది.

"హెండ్రికక్కా, మా వాళ్లలో ఇలాంటి మనిషి ఒక్కరైనా ఉండకపోతారా? వెతికిపెట్టు. అది ఒంటరిది కాదని చెప్పాలి."

"ముందు చేతులు కడుక్కో. నా కాగితాలన్నీ చేపల కంపు కొడతాయి."

"కంపా! శనివారం నా బండి ముందు లొట్టలేసింది నువ్వు కాదూ?"

బైబిలు ముందు పేజీల్లో పుట్టుకలూ చావులూ రాసుకోవడం మా అలవాటు. రూలి ముత్తాత తల్లి లమ్మెహీన్ 1887లో పోయిందని అందులో ఉంది. పేజీ తిప్పబోయి ఆగాను. మాలో మనవరాలికి నానమ్మ పేరు పెట్టి తీరాలి. అందులోనూ పోయినావిడ పేరు వదిలేస్తే చుట్టాలు ఊరుకోరు. లమ్మెహీన్‌కు ఆరుగురు మనవరాళ్లు. ఒక్కదానికీ ఆ పేరు లేదు! అంటే ఈ చావులో ఏదో మతలబుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వీళ్లకు అదీ చేతకాలేదు.

సర్కారువారి 1887 చావుల పుస్తకంలో ఆమె లేదు. ఆ పై ఏడాదీ లేదు. నాకు పట్టుదల పెరిగింది. రోజూ ఒక్కో పుస్తకం తిరగేస్తూ పోతే 1918 పుస్తకంలో దొరికింది, వేరే ఊళ్లో. చావు కబురు రాయించినవాళ్లు చుట్టాలు కారు, పిచ్చాసుపత్రి కాపలావాళ్లిద్దరు.

ఆ ఆసుపత్రి పాత పుస్తకం తెప్పించాం. "గొంతులు వినిపిస్తున్నాయంటుంది. బట్టలు బాగా ఉతుకుతుంది. ఊలు మేజోళ్లు అల్లుతుంది. పిల్లలు ఎప్పుడొస్తారని అడుగుతుంది." చూడవచ్చినవాళ్ల పేర్లు రాసే గడి మాత్రం ముప్ఫయ్యొక్క ఏళ్లూ ఖాళీ.

"బతికున్న మనిషిని బైబిల్లో చంపేశారే! సిగ్గు లేదూ వీళ్లకి!" అని అరిచాను. రూలి అరవలేదు.

"దొరికిందని సంబరపడ్డాను కానీ, అక్కా, ఇది చెబితే నా పిల్ల ఇంకా కుంగిపోదూ? తన గతీ ఇంతేననుకుంటే?"

"దాచి దాచి మీ వాళ్లు బావుకున్నదేమిటి?" అన్నాను. అన్నానే కానీ నాకూ భయంగానే ఉంది. ఆ ఆదివారం తోడు వెళ్లాను.

మిర్తె కాగితాలు ఒక్కొక్కటే చదివింది. మేజోళ్ల దగ్గర కొంచెం నవ్వింది. ఖాళీ గడి దగ్గర వేలు ఆపింది.

"ఈమెను చూడ్డానికి ఎవరూ రాలేదా?"

రూలి నా వంక చూసింది. అబద్ధం చెబితే బాగుండునని నాకే అనిపించింది.

"రాలేదు తల్లీ. ఒక్కరూ రాలేదు," అంది రూలి.

మిర్తె కాగితాలు ఒళ్లో సర్దుకుంటూ అడిగింది.

"అమ్మా, వచ్చే ఆదివారం కూడా వస్తావుగా?"

"రాక చస్తానా!" అని రూలి గట్టిగా ఏడ్చేసింది.