కెరటం విరగని చోట

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పెద్ద సైజు ఫొటోలు అచ్చువేసే షెడ్డులో నేను ప్రింటింగ్ మిషన్ చూసుకుంటాను. అచ్చయిన వాటికి ఫ్రేములు బిగించేది కాకా. ఆయన నాకు చుట్టం కాదు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీలో రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక మా దగ్గర చేరాడు.

కిందటేడు రుద్రారం నుంచి ఒక ఫొటోగ్రాఫర్ అమ్మాయి వచ్చింది. సంగారెడ్డిలో ప్రదర్శన పెడుతోందట. అన్నీ డ్రోన్‌తో పైనుంచి తీసిన సముద్రం ఫొటోలే. నేను సముద్రం ఎన్నడూ చూడలేదు. ఎనిమిదడుగుల కాగితం మిషన్‌లోంచి మెల్లగా బయటికి వస్తుంటే, ఆ నీళ్ల బలానికి నాకే తెలియకుండా ఒకడుగు వెనక్కి వేశాను. అటూ ఇటూ తెల్లగా విరిగిపడుతున్న కెరటాలు. నడుమ నల్లటి నీళ్లు, కదలిక లేకుండా. ఆ ఫొటోకు ఆమె 'విశ్రాంతి' అని పేరు పెట్టింది.

కొలత తీసుకోవడానికి టేపుతో వచ్చిన కాకా అక్కడే ఆగిపోయాడు.

"ఏమైంది కాకా? గట్ల నిలబడ్డవేంది?"

ఆయన వేలు ఆ నల్లటి నీళ్ల మీద ఉంది. "ఇక్కడ కెరటం విరగట్లేదు చూడమ్మా. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఈ దారినే వెనక్కి పోతాయి. మనిషిని కూడా లాక్కుపోతాయి. జాలర్లు చెప్పారు. అప్పటికే మా తమ్ముడు పోయాడు."

ఫొటోగ్రాఫర్ కూడా దగ్గరికొచ్చింది. ఆయన ఫొటో మీంచి చూపు తిప్పలేదు.

"వాడికి పదిహేడేళ్లు. అటు పెద్ద కెరటాలున్నాయి, ఇటు దిగరా అన్నది నేనే. ఒడ్డుకి రావాలని ఈదుతూనే ఉన్నాడు. ఈదేకొద్దీ దూరమైపోయాడు."

మిషన్ ఆపేశాను. ఆ అమ్మాయి ఆయన వైపు తిరిగింది. "ఈ ఫొటో తీసిన రోజు నేనూ ఒడ్డు మీదనే ఉన్న అంకుల్. నాకేం కనిపించలే. డ్రోన్ పైకి పోయినంకనే కనిపించింది. మీకెట్ల తెలుస్తది?"

కాకా సాయంత్రం దాకా కూర్చుని ఆ ఫ్రేము ఒక్కడే బిగించాడు, ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

ప్రదర్శనలో ఆ ఫొటో కింద 'విశ్రాంతి' అన్న పేరు లేదు. 'నీళ్లు నిమ్మళంగా ఉన్నాయని ఇక్కడ దిగకండి' అని రాసి ఉంది. కాకా భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మరిది సముద్రంలో పోయాడని ఆమెకు తెలుసు. అక్కడ దిగమన్నది ఎవరో తెలియదు. ఆ ఫొటో ముందు నిలబెట్టి ఆయనే చెప్పాడు. నేను పక్కకు జరిగాను, అయినా మాటలు వినపడ్డాయి.

"ఇన్నేళ్లూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నన్నెలా చూస్తావోనని."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఫొటోకు ఎదురుగా ఉన్న బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. హాలు మూసేవరకు ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.