ఓడకు దిగువ ఏ వైపు?

పోయిన ఏడాది మే నెలలో నాకు మళ్లీ లోడింగ్ మేస్త్రి పని పడింది. బేతంచర్లలో బండల ఫ్యాక్టరీ పని మానుకుని అప్పటికి నాలుగేళ్లు. ఈసారి సరుకు ఎక్కించాల్సింది లారీకి కాదు, మన సూర్యుడి దగ్గర బయలుదేరి ఇంకో నక్షత్రానికి పోయే ఓడకు. ఆ ఓడ లోకంలో ఎక్కడా లేదు. మా మనవరాలు స్నేహలత కంప్యూటర్‌లో గీస్తున్న బొమ్మలో ఉంది.

ముందు నా పని సంగతి చెప్పాలి. గనుల నుంచి వచ్చిన నాపరాయిని మా ఫ్యాక్టరీలో కోసి, నునుపు పట్టి, లారీలకు ఎత్తేవాళ్లు. ఎత్తే ముఠాలో కూలీలు, వాళ్ల పైన మేస్త్రి, మేస్త్రి పైన గుమాస్తా. నేను మూడో తరగతితో చదువు ఆపి, బండలు మోసే కూలీగా చేరి, పదకొండేళ్లకు మేస్త్రినయ్యాను. బండలను పరిచి ఎక్కించకూడదు. గతుకుల్లో అడుగు బండ పగులుతుంది. అంచు మీద నిలబెట్టి, క్యాబిన్ వైపు కొంచెం వాల్చి, వరుసల మధ్య వరిగడ్డి పెట్టి, తాళ్లు బిగించాలి. ఆఖరున మేస్త్రి ప్రతి తాడునూ చేత్తో లాగి చూసి, లారీ వెనక తలుపును రెండుసార్లు తట్టాలి. ఆ చప్పుడు వినకుండా డ్రైవరు బండి కదిలించడు.

ఒకే ఒక్కసారి నేను లాగి చూడకుండా తట్టాను. వాన మొదలవుతోందని తొందర. ఘాటు రోడ్డు దిగేటప్పుడు డ్రైవరు మస్తాన్ బ్రేకు వేస్తే రెండు వరుసలు జారి క్యాబిన్‌ను గుద్దాయి. అతని భుజం విరిగింది. కట్టుతో ఫ్యాక్టరీకి వచ్చి ఒక్క మాటే అన్నాడు. "నీ చప్పుడు నమ్మి పోయినాను గదక్కా." ఆ తర్వాత తాళ్లు లాగి చూడకుండా నేను ఏ లారీనీ తట్టలేదు.

స్నేహ సంగతికి వస్తాను. బెంగళూరులోని ఒక కంప్యూటర్ ఆటల కంపెనీ ఆమెను ఆరునెలల పరీక్ష మీద తీసుకుంది. ఆ ఆరు నెలల్లో పని నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే పంపేస్తారు. పని ఇంటి నుంచే కాబట్టి నా దగ్గరే ఉండి చేసేది. నక్షత్రాల మధ్య సరుకు తోలడం అప్పుడప్పుడే మొదలైన కాలం గురించిన ఆట అది. ఆడేవాడే ఓడకు సరుకు ఎక్కించుకోవాలి, పోయి దించాలి. స్నేహ గీసిన ఓడను అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. శుక్రవారం మూడోసారి చూస్తారు. అదే ఆఖరు.

బొమ్మ చూపించమన్నాను. ఓడ చేపలాగా నున్నగా ఉంది. లోపల ఈ కొస నుంచి ఆ కొసకు రైలుపెట్టెలో ఉన్నట్టు పొడుగాటి నడవ, దాని నిండా నీలం దీపాలు. ఆ నడవకే రెండు నెలలు పట్టిందట.

"ఏం లోడు మే దీనికి?" అని అడిగాను.

"పెట్టెలవ్వా."

"పెట్టెల్లో ఏముండాది?"

"అదింకా అనుకోలేదు."

"ఏం ఎక్కుతాదో తెలీకుండానే బండి గీసినావా? అన్ని దీపాలు ఎవురికి? తేరు గీసినావా, లారీ గీసినావా?"

మూతి ముడుచుకుంది గాని కూర్చుని ఆలోచించింది. కొత్త లోకంలో గాలి సరిపడదు కాబట్టి పంటలను అద్దాల ఇండ్లలో పెంచుకోవాలి, వాటికి పెద్ద పెద్ద అద్దాల పలకలు పోవాలి అంది. పలకలంటే నా దృష్టిలో బండలే. కాగితం దండగని ఇంట్లో పరిచిన బండల మీదే సుద్దతో గీసి చూపించాను. పలకలు అంచు మీద నిలబడాలి, ముందుకు వాలాలి, ముందుగోడ లావుగా ఉండాలి, వెనకా పక్కలా తలుపులు తెరుచుకోవాలి. రెండు రోజులు కూర్చుని ఆమె అట్లే గీసింది.

బుధవారం మధ్యాహ్నం స్నేహ పై అధికారి ప్రదీప్ వీడియోలో మాట్లాడాడు. ఆదోని అబ్బాయి. నేనూ పక్కన కూర్చున్నాను. ముందుగోడ మా అవ్వ చెప్పిందని స్నేహ చెప్పింది.

"ముందుగోడ ఇంత లావు ఎందుకు పెట్టిచ్చినావవ్వా?" అన్నాడు.

"బ్రేకు వేస్తే సరుకు ముందుకు తోస్తాది గదప్పా."

"ఈ ఓడకు బ్రేకు యాడుండాదవ్వా?"

నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వలేదు. రెండుసార్లు వెనక్కి పంపిందీ ఓడ ఎట్లా ఆగుతుందో ఆలోచించకుండా గీసినందుకేనని, మీరే కనుక్కోండని చెప్పి ఫోను పెట్టేశాడు. కొత్త కూలీలకు నేనూ తప్పు చూపించి, దిద్దడం వాళ్లకే వదిలేదాన్ని. అందుకని కోపం రాలేదు.

స్నేహ వివరించింది. ఆకాశంలో రోడ్డు లేదు, గాలి లేదు, చక్రాన్ని పట్టి ఆపేదేదీ లేదు. మొదట కొన్నేళ్లు ఇంజిను నెడుతుంది. తర్వాత దాన్ని ఆపేస్తే ఓడ ఊరికే పోతూ ఉంటుంది. ఊరు దగ్గరపడ్డాక ఓడను తల కిందుగా తిప్పి, అదే ఇంజినును ముందుకు పెట్టి మండించి వేగం తగ్గిస్తారు.

నోటితో చెప్తే నా తలకెక్కలేదు. చెప్పుల డబ్బా తెచ్చి, అందులో నాలుగు బండ ముక్కలు నిలబెట్టి, ఒక కొసన చెయ్యి పెట్టి నెట్టాను. ముక్కలు నా చేతి వైపుకు పడ్డాయి. మళ్లీ నిలబెట్టాను. ఈసారి డబ్బాను తిప్పి, స్నేహను మెల్లగా జరపమని, అదే కొసన చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. మళ్లీ నా చేతి వైపుకే పడ్డాయి. చెయ్యి ఉన్నచోటే ఇంజిను. బయలుదేరేటప్పుడైనా ఆగేటప్పుడైనా బరువు పోయేది అటే.

"అట్లయితే దిగువ ఇంజిను వైపు మే," అని డబ్బాను నిలువుగా నిలబెట్టాను. "ఇది లారీ కాదు. మేడ."

ఓడను నిలబెడితే స్నేహ గీసిన నడవ బావి అవుతుంది. అందులో అడుగుపెట్టినవాడు ఇంజిను మీద పడతాడు. నా ముందుగోడా దండగే. స్నేహ కండ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడ్చేదుంటే శనివారం ఏడుద్దువు. చెరిపేయ్," అన్నాను.

చెరిపేసింది. గురువారమంతా అంతస్తులు గీసింది. బరువు సరుకు అడుగున ఇంజిను దగ్గర, పలకలు నిటారుగా, మనుషులు పైన. ఇంజిను ఆపిన కాలంలో ఏమవుతుందని అడిగాను. దేనికీ బరువుండదు, అన్నీ తేలతాయి, తాళ్లే పట్టుకోవాలి అంది. ఎన్నేళ్లు అన్నాను. నలభై అంది.

"నలభై ఏండ్లు బిగువుగా ఉండే తాడు నేను చూళ్లేదు. మళ్లీ ఇంజిను అంటించే ముందు అన్నీ లాగి చూడల్ల," అన్నాను. ఘాటు ముందు లారీ ఆపి తాళ్లు బిగించుకున్నట్టే. అదీ రాసుకుంది.

శుక్రవారం ప్రదీప్ చాలాసేపు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆఖరున ఒకటే అడిగాడు. "తాళ్లు చూసినారని కెప్టెనుకు ఎట్ల తెలుస్తాది, స్నేహా?"

ఆమె నా వైపు చూసింది. ఒకరి పరీక్షలో ఇంకొకరు మాట్లాడకూడదు. టేబులు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాను.

స్నేహ చిన్నప్పుడు ఫ్యాక్టరీకి నాకు అన్నం తెచ్చేది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. తడుముకోకుండా చెప్పింది. ఓడలో మేస్త్రి అని ఒక ఉద్యోగి ఉంటాడని, అతను గోడను రెండుసార్లు తట్టకుండా కెప్టెన్ ఇంజిను అంటించకూడదని. ఆమెను ఉంచుకున్నారు.

తాళ్లు చూడకుండా తడితే ఆట ఒప్పుకోవాలా వద్దా అని తర్వాత ప్రదీప్ నన్నే అడిగాడు. ఒప్పుకోమన్నాను. చూడకుండా తట్టినా ఇంజిను అంటుకుంటుంది. తర్వాత అయ్యేది అవుతుంది. నాకు మస్తాన్ విషయంలో అట్లే అయింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. బరువు ఎటు పోతుందో అడిగాకే సరుకు ముట్టుకోవాలి. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ నేను ఆ మాట అడగలేదు, అక్కడ దిగువ ఎప్పుడూ కాళ్ల కిందే ఉండేది కాబట్టి. తాడు లాగి చూడటం మాత్రం రెండు చోట్లా ఒకటే.